అర్థం కాలేదని చెప్పగలిగే ఇంగ్లీషు

(ఒక వృత్తివిద్యా కళాశాలలో చేసిన వార్షిక స్మారకోపన్యాస పాఠం)

వెనక వరసల్లో కూర్చున్న ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, నర్సింగ్ విద్యార్థులారా, ముందు వరసలు ఖాళీగా ఉన్నా మీరు వెనకే కూర్చుంటారని నాకు తెలుసు. ఇవాళ నేను మాట్లాడబోయేది కూడా కొంతవరకు దాని గురించే.

నాకిచ్చిన అంశం, విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు వృత్తి కళాశాలలో ఇంగ్లీషు చదువు ఎలా ఉండాలన్నది. ఈ మాట వినగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది బస్టాండు ఎదురుగా ఉండే స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు. టై కట్టుకున్న కుర్రాడి బొమ్మ, పక్కన ముప్ఫై రోజుల హామీ. ఆ బోర్డు మీద నాకు కోపం లేదు. అది అమ్మేది ధైర్యం, దానికి గిరాకీ ఉంది. కాకపోతే ఓడలోనో, రిఫైనరీలోనో, ఆస్పత్రి వార్డులోనో మన పిల్లల్ని అడిగే ఇంగ్లీషు వేరు. అక్కడ అడిగేది బోర్డు చెప్పినదానికంటే చాలా తక్కువ, చాలా కచ్చితం. ఆ తక్కువను కూడా మనం నేర్పడం లేదన్నదే నా ఫిర్యాదు. ఇంగ్లీషు పాఠం చెప్పి బతికినవాణ్ణి కాబట్టి ఈ ఫిర్యాదు చేసే హక్కు నాకుందనుకుంటాను.

ఓడలతో మొదలుపెడతాను. పనిచేసేవాడికి ఎంత ఇంగ్లీషు కావాలన్నది దేశాలన్నీ కూర్చుని తేల్చుకున్న చోట్లలో అదొకటి. వ్యాపార నౌకల్లో కింది మెట్టు ఉద్యోగం జీపీ రేటింగ్. ఆరు నెలల శిక్షణ. చదువు పదో తరగతి చాలు, అయితే ఇంగ్లీషులో విడిగా 40 శాతం మార్కులు రావాలి. డెక్కు కడిగి, తాళ్ళు లాగి, రంగులు వేసే పనికి ఇంగ్లీషు మార్కులెందుకు సార్ అని ఒక విద్యార్థి తండ్రి నన్నడిగారు. చేపల వేట మీద బతికిన కుటుంబం. సముద్రం ఆయనకు ఆ షరతు రాసినవాళ్ళకంటే బాగా తెలుసు. న్యాయమైన ప్రశ్నే.

1990 ఏప్రిల్ 7న స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడ ఓస్లో నుంచి డెన్మార్క్ వెళ్తూ దారిలో తగలబడింది. 159 మంది చనిపోయారు. నిప్పు ఎవరు పెట్టారన్నది ఏళ్ళ తరబడి నలిగింది. దానితోపాటు బయటపడ్డ ఇంకో సంగతి, సిబ్బందిలో చాలామందికి ఆ ఓడ కొత్త, ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రం, ప్రయాణికులకు దారి చూపించేటంత భాష చాలామందికి లేదు. పొగ నిండిన నడవాలో తలుపు ఎటుందో చెప్పడానికి కావలసింది నాలుగు మాటలు. 2001లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఓడల మీద వాడవలసిన ప్రామాణిక వాక్యాలను ఒక పుస్తకంగా ఆమోదించింది. ఆ తండ్రికి నేనిచ్చిన జవాబు ఇదే. డెక్కు కడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, డెక్కు మీద నిప్పంటుకున్న రోజుకు కావాలి.

ఆ పుస్తకం తిరగేస్తే ఇంగ్లీషు మాస్టార్లకు కాస్త మనసు చివుక్కుమంటుంది. మేం బోర్డు నిండా రాసి బట్టీ పెట్టించే మే, మైట్, కుడ్, షుడ్‌లను అది వీలైనంత వరకు దూరం పెట్టమంటుంది. ఓడరేవు దారిలోకి రావచ్చా అని 'మే'తో మర్యాదగా అడగొద్దు. ముందు 'క్వశ్చన్' అని ప్రకటించి, అనుమతి ఉందా లేదా అని నేరుగా అడగమంటుంది. రేడియో గరగరలో మర్యాద వినబడదు. అడిగింది అనుమతా, చెప్పింది ఉద్దేశమా అన్నది తేలకపోతే రెండు ఓడలు ఒకే దారిలోకి వస్తాయి. అందుకే మాటకు ముందు అది ప్రశ్నా, హెచ్చరికా, సలహానా, సమాచారమా అని చెప్పుకునే పద్ధతి.

ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీద జరిగేది ఒక్కటి చూడండి. అధికారి 'స్టార్‌బోర్డ్ టెన్' అంటాడు. చక్రం పట్టుకున్నవాడు 'యస్ సార్' అంటే సరిపోదు. 'స్టార్‌బోర్డ్ టెన్' అని ఆ ఆజ్ఞనే తిరిగి పలకాలి. చక్రం తిప్పి, సూచిక కుడివైపు పది డిగ్రీల మీదికి చేరాక మళ్ళీ చెప్పాలి. అధికారి అంతటితో నమ్మడు, సూచిక వంక చూసి సరిచూసుకుంటాడు. దిశ చెప్పేటప్పుడు నూట ఎనభై రెండు అని కలిపి అనరు. వన్, ఎయిట్, టూ అని విడివిడిగా పలుకుతారు. ఈ ఇంగ్లీషులో కాలాలూ లేవు, కర్మణి వాక్యాలూ లేవు. పదో తరగతి తప్పినవాడైనా వారం రోజుల్లో పట్టుకోగలడు. దానికి ప్రాణం ఆ తిరిగి చెప్పడంలో ఉంది. నువ్వు విన్నదేమిటో నాకు వినిపించు, అప్పుడే పని మొదలవుతుంది.

ఆకాశంలోనూ ఇంతే. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, అది ఇంకా కిందికి దిగింది. అందులో కంట్రోలరుతో ఇంగ్లీషులో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది. విన్నది ఒకరు, నడిపింది ఇంకొకరు. 2003లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకూ కంట్రోలర్లకూ భాషా స్థాయిలు పెట్టింది. ఒకటి నుంచి ఆరు వరకు స్థాయిలు, విదేశీ మార్గాల్లో పనిచేయాలంటే కనీసం నాలుగు. ఆ నాలుగో స్థాయి వివరణలో నన్ను ఆపేసిన అంశం ఒకటుంది. అపార్థం జరిగిందని అనుమానం వస్తే అడిగి, నిర్ధారించుకుని, సరిచేసుకోగలగాలి. ఉచ్చారణ, పదసంపద, వ్యాకరణాలతో సమానంగా ఇదొక కొలత. మన ప్రశ్నపత్రాల్లో ఈ కొలత ఎక్కడైనా ఉందా?

ఇప్పుడు మన తరగతి గదికి రండి. పాఠం ముగించి అర్థమైందా అని అడుగుతాం. గది మొత్తం ఒకే గొంతుతో 'అర్థమైంది సార్' అంటుంది, గంగిరెద్దు తలూపినట్టు. అర్థం కాలేదన్నవాణ్ణి నిలబెట్టి ఇంతసేపూ ఏం చేశావని అడుగుతాం. ఇంట్లోనూ అంతే. పెద్దవాళ్ళు చెప్తుంటే ఊఁ కొట్టినవాడు బుద్ధిమంతుడు, మళ్ళీ చెప్పమన్నవాడు మొండి, ఎందుకని అడిగినవాడు పొగరుబోతు. పదిహేనేళ్ళు ఇలా పెంచి, ఆ కుర్రాణ్ణి గల్ఫులో ఒక రిఫైనరీకి పంపుతాం. అక్కడ ఫోర్‌మన్ ఫిలిప్పీన్స్ వాడు, ఇంజనీరు ఈజిప్టు వాడు, పక్కన కంప్రెసర్ హోరు. వాల్వు తెరవమన్నాడో మూయమన్నాడో సరిగా వినబడలేదు. కుర్రాడి నోట్లోంచి అలవాటుగా వచ్చే మాట 'యస్ సార్'. ఇంగ్లీషు రాక ఆ మాట అనలేదు. 'సే ఎగైన్' అనడం ఎల్‌కేజీ పిల్లలకూ వచ్చు. రానిది, పెద్దవాడి మొహం మీద ఆ మాట అనే అలవాటు.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మాస్టారికి ఇంగ్లీషుతో పెద్దగా పని లేదు. మెషినిస్టు విభాగం ఆయనది. లేత్ మీదికి కుర్రాణ్ణి పంపేముందు "నేనేం చెప్పాన్రా?" అనేవారు. కుర్రాడు చెప్పాలి. ఏ ఉలి, ఎంత కోత, ఎంత వేగం. తప్పు చెప్తే తిట్టు లేదు, మళ్ళీ మొదటి నుంచి వివరణ. అన్నీ సరిగ్గా చెప్పాక ఆఖరి ప్రశ్న ఒకటుండేది: "చక్ కీ ఎక్కడుంది?" చక్‌లోనే దాన్ని బిగించే కీ మరిచిపోయి స్విచ్ వేస్తే అది తూటాలా ఎగిరి వస్తుందని ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కుర్రాడు దాన్ని చేత్తో పట్టుకుని చూపించాకే స్విచ్. ఓడ బ్రిడ్జి మీద జరిగేదీ మాస్టారి షాపులో జరిగేదీ ఒకటే పని, భాష తేడా. ఆయన దగ్గర తయారైన పిల్లలు బయటి దేశాలకు వెళ్ళి ఫోర్‌మన్లయ్యారంటే, ఇంగ్లీషు పాఠం చెప్పిన మాకంటే ఆయనకే ఎక్కువ వాటా ఉందని ఈ వేదిక మీద ఒప్పుకోవడం మర్యాద.

నర్సింగ్ విద్యార్థినులకు ఈ విషయం ఇంకా దగ్గర. విదేశీ రిజిస్ట్రేషన్ అనగానే మీ నోట వచ్చేవి ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలు. రెండోది ఆస్ట్రేలియాలో పుట్టింది, వైద్య వృత్తులకే ప్రత్యేకం. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని 2017 నుంచి అంగీకరిస్తోంది. అందులో రాత పరీక్ష చూడండి. ఒక రోగి కేసు నోట్సు ఇస్తారు. 45 నిమిషాల్లో దాన్ని చదివి, ఇంకో నర్సుకో డాక్టరుకో ఉత్తరం రాయాలి, సుమారు 180 నుంచి 200 పదాల్లో. నోట్సులో ఉన్నవన్నీ ఎక్కిస్తే మార్కులు పోతాయి. రోగికి పదేళ్ళ కిందట జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ ఇవాళ్టి ఉత్తరానికి అవసరమా కాదా? ఆ నిర్ణయం నర్సుది. మన పరీక్షల్లో అదనపు కాగితం అడిగినవాడే మొనగాడు కాబట్టి, తెలిసిందంతా రాయకుండా ఆగడం మనవాళ్ళకు చాలా కష్టం. ఇక మాట్లాడే పరీక్షలో ఎదుటి మనిషి రోగిగా నటిస్తారు. ఇన్సులిన్ సూది అంటే భయమంటారు, ఇంటికి పంపేయమంటారు. ఆ భయం వెనక ఏముందో అడిగి తెలుసుకున్నావా, నువ్వు చెప్పింది వాళ్ళకు అర్థమైందో లేదో చూసుకున్నావా అన్నదానికీ మార్కులుంటాయి.

డ్యూటీ మారేటప్పుడు, డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు చాలా దేశాల ఆస్పత్రుల్లో ఎస్‌బార్ అనే వరస పాటిస్తారు. ఇప్పుడు ఏం జరుగుతోంది, దీని వెనక ఏముంది, నాకేమనిపిస్తోంది, ఏం చేయమంటున్నాను. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో పుట్టి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి ఇది. నాలుగో మెట్టు గమనించండి. జూనియర్ నర్సు, పెద్ద డాక్టరుకు, రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి, మీరొచ్చి చూడాలి అని చెప్పాలి. మన వార్డుల్లో పెరిగిన అమ్మాయికి ఆ వాక్యం తెలుగులోనైనా నోరు పెగలదు. ముందు తెలుగులో పెగిలించండి, ఇంగ్లీషు దాని వెనకే వస్తుంది.

ఒక పక్క మాట. విదేశమంటే ఇంగ్లీషే అనుకోకండి. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ శిక్షణలు కూడా ఇప్పిస్తోంది. అడిగి, నిర్ధారించుకునే అలవాటు ఉన్నవాడికి ఏ భాషైనా పనికొస్తుంది. అది లేనివాడికి ఎన్ని భాషలొచ్చినా అన్నింట్లోనూ 'యస్ సారే'.

ఇక వెల్డర్లు. మన వెల్డరుకు ఇంగ్లీషు రాదనడం అబద్ధం. వాడి పొద్దంతా ఇంగ్లీషే: రూట్ గ్యాప్, అండర్‌కట్, స్లాగ్, పోరాసిటీ, ప్రీహీట్. 7018 రాడ్డు చేతికిచ్చి అడగండి, మొదటి 70 బలం సంగతి, ఆ పక్కన ఒకటి అంకె ఉంటే ఏ పొజిషన్‌లోనైనా కొట్టొచ్చని, వాడే ముందు ఓవెన్‌లో ఉంచాలని గడగడా చెప్తాడు. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించి చేయించే 6జీ టెస్టు కూడా కొడతాడు. రానిదల్లా ఆ పదాల మధ్య ఉండే వాక్యం. వెల్డింగ్ ఎలా చేయాలో చెప్పే డబ్ల్యూపీఎస్ కాగితం మీద ప్రీహీట్ ఫలానా డిగ్రీలకు తగ్గకూడదు అని ఉంటే, 'నాట్ లెస్ దాన్' దగ్గర కన్ను జారిపోతుంది.

నిప్పు రవ్వలు వచ్చే పనికి ముందు సైట్లో ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్ తీసుకోండి. ఒక్క పేజీ. ఏ చోట, ఏ పరికరం, ఏ గంట నుంచి ఏ గంట వరకు, గ్యాస్ పరీక్ష చేసింది ఎవరు, రీడింగ్ ఎంత, నిప్పు మీద కన్నేసి ఉండే ఫైర్ వాచ్ ఎవరు, పని ఆపవలసిన పరిస్థితులేమిటి, కింద సంతకాలు. సంతకం పెట్టేవాళ్ళలో మన కుర్రాడూ ఉండొచ్చు. గడువు నాలుగు గంటలకు ముగిసిందని గమనించకుండా నాలుగున్నరకు టార్చి వెలిగిస్తే ఆ పర్మిట్ లేనట్టే లెక్క. ఈ ఒక్క పేజీని ఒక సెమిస్టరు పాఠంగా పెట్టండని నేను చాలా సమావేశాల్లో అడిగాను. సిలబస్‌లో లేదన్నారు. సిలబస్‌లో సెలవు చీటీ ఎలా రాయాలో ఉంది, అదీ ప్రిన్సిపాల్‌కు, అత్యంత వినయంగా.

విమానాల మరమ్మతు పుస్తకాలు రాసేవాళ్ళు ఈ బాధ ముందే పడ్డారు. చదివే మెకానిక్ ఏ దేశంవాడో తెలియదు కాబట్టి, 1980ల నుంచి సరళ సాంకేతిక ఇంగ్లీషు అని ఒక కట్టడి పెట్టుకున్నారు. ఆమోదించిన సాధారణ పదాలు తొమ్మిది వందల చిల్లర, పని చెప్పే వాక్యం ఇరవై పదాలు దాటకూడదు. రాసేవాళ్ళు మన దగ్గరికి ఇంత దిగి వచ్చారు. మనం మాత్రం వృత్తి విద్యార్థి ముందు ఇంకా వ్యాసాలు పెడుతున్నాం.

ప్రాణం తర్వాత చెప్పుకోవలసింది జీతం. శ్రీకాకుళం, జగిత్యాల, నిజామాబాదు, కడప జిల్లాల నుంచి బయటి దేశాలకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఉద్యోగ ఒప్పందం బీరువాలో ఉంటుంది, చదివినవాళ్ళు ఉండరు. ఏజెంటు చెప్పిన మొత్తమే గుర్తుంటుంది. ఆ మొత్తంలో బేసిక్ ఎంత, తిండికీ గదికీ ఇచ్చేదెంత అన్నది ఒకే గీత మీద పక్కపక్కనే ఉంటుంది. యూఏఈ చట్టంలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కిస్తారు. మొత్తం జీతం అదే ఉంచి బేసిక్ తగ్గించి రాస్తే, వచ్చేటప్పుడు చేతికొచ్చేది తగ్గిపోతుంది. ఇది పట్టుకోవడానికి షేక్‌స్పియర్ అక్కర్లేదు, రెండు గడుల పట్టిక చదవడం వస్తే చాలు. ఓవర్‌టైమ్, ప్రొబేషన్, నోటీసు గడువు, తిరుగు టికెట్టు, ఈ నాలుగు శీర్షికలు వెతికి చదివించే పాఠం ఒకటి ప్రతి ఐటీఐలో ఉండాలి. అలాంటి పాఠం ఉంటే ఎంతమంది ఏజెంట్లకు నచ్చదో ఊహించుకోగలను.

ఎలా నేర్పాలన్న దానికి బయటి నిపుణుల్ని పిలవక్కర్లేదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు గారు దక్షిణాది బడుల్లో చేసిన బెంగళూరు ప్రాజెక్టు గురించి ప్రపంచమంతా ఇంకా మాట్లాడుకుంటోంది. వ్యాకరణ సూత్రం చెప్పడం మానేసి, పిల్లల ముందు రైళ్ళ టైం టేబుల్ పెట్టారు. ఈ బండి అందాలంటే ఎన్నింటికి బయల్దేరాలి? పిల్లల బుర్ర లెక్క మీద ఉంటుంది, భాష దాని వెంట వస్తుంది. మన దగ్గర రైళ్ళ టైం టేబుల్ బదులు పర్మిట్, లాగ్‌బుక్, రసాయనాల డబ్బా మీది హెచ్చరిక లేబుల్ ఉన్నాయి. తరగతిలో తెలుగు నిషేధించే పిచ్చి పని మాత్రం చేయకండి. కాగితం ఇంగ్లీషులో చదవాలి, అందులో ఏముందో తెలుగులో కొట్లాడుకోవాలి, తేలినదాన్ని ఇంగ్లీషులో పైకి చెప్పాలి. అర్థం తెలుగులో కుదురుకున్నవాడు ఇంగ్లీషులో తడబడినా తప్పు పని చేయడు.

యాస గురించి ఒక్క ముక్క. అమెరికా యాస కోసం డబ్బు తగలేయొద్దు. మీరు పనిచేయబోయే చోట అమెరికావాడు కనిపించడమే అరుదు. ఫిలిప్పీన్స్, ఈజిప్టు, నేపాల్, కేరళ, వీళ్ళ ఇంగ్లీషు వినడం అలవాటు చేసుకోండి. మీ నాలుక మీద మాత్రం ఒక్క చోట శ్రమ పెట్టండి: థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మనం మొదటి అక్షరం మీదే నొక్కి రెండింటినీ ఒకేలా పలుకుతాం. పదిహేను మిల్లీగ్రాములకూ యాభై మిల్లీగ్రాములకూ తేడా ఒక రోగి ప్రాణం. అనుమానముంటే అంకెలు విడగొట్టి చెప్పండి. వన్ ఫైవ్. ఫైవ్ జీరో. ఓడలవాళ్ళు దిశ చెప్పేటప్పుడు చేసేదే ఇది, నామోషీ ఏమీ లేదు.

ఇవన్నీ పరీక్షలో లేకపోతే మా పిల్లలు పట్టించుకోరని అధ్యాపకులు అంటారు. నిజమే. ఐటీఐల్లో సంభాషణా నైపుణ్యాన్ని కూడా నాలుగు జవాబుల్లోంచి ఒకటి గుర్తు పెట్టించి కొలుస్తున్నాం. నోరు విప్పకుండానే మాట్లాడటంలో ఉత్తీర్ణుడవ్వచ్చు. పరీక్షలు పెట్టే పై బోర్డులు మారేదాకా ఆగనక్కర్లేదు. ప్రాక్టికల్ మార్కులు మీ చేతిలోనే ఉన్నాయి.

కాబట్టి ప్రిన్సిపాల్ గారికీ అధ్యాపకులకూ నా విన్నపం. ఈ ఏడాది ఇంగ్లీషు వైవాను తరగతి గదిలో పెట్టకండి, వర్క్‌షాపులో, నర్సింగ్ ల్యాబులో పెట్టండి. ఇంగ్లీషు లెక్చరరు, ట్రేడ్ ఇన్‌స్ట్రక్టరు ఇద్దరూ పక్కపక్కన నిలబడండి. ఒక ఆజ్ఞను కావాలనే సగం మింగి చెప్పండి. 'యస్ సార్' అన్నవాడికి సున్నా వేయండి. మళ్ళీ చెప్పమన్నవాడికి, వ్యాకరణం ఎంత తప్పినా సరే, పూర్తి మార్కులివ్వండి. విద్యార్థులారా, ఇవాళ నేను చెప్పినదాంట్లో అర్థం కానిది ఉంటే ఇప్పుడే, ఈ సభలోనే, చెయ్యెత్తి అడగండి. తెలుగులో అడిగినా సరే.